బొమ్మ కారు అనుకోకండి, లోపలున్నది తైవాన్ పంపు ఇంజనే



మొన్న నేను గ్రూపులో పెట్టిన ఫోటో చూసి చాలామంది మెసేజ్‌లు పెట్టారు. "ఎంత పెట్టి కొన్నావ్ రా", "స్కాలర్‌షిప్ పడిందా ఏంది" అని. ముందే చెప్తున్నా, ఆ బండి నాది కాదు. మా కాలేజీ మెకానికల్ డిపార్ట్‌మెంట్‌ది. ఎప్పుడో ఇక్కడ చదువుకొని ఇప్పుడు బయటి దేశంలో ఉద్యోగం చేస్తున్న ఒక సార్, పిల్లలు నేర్చుకుంటారని పంపించారు. డబ్బా కూడా విప్పని కొత్త బండి. దాన్ని మొదటిసారి స్టార్ట్ చేసిన వాళ్ళలో నేనొకడిని కాబట్టి, ఆ పని ఎట్లా జరిగిందో రాయమని మన డిప్లొమా తమ్ముళ్ళు అడిగారు. పోస్టు పెద్దగానే ఉంటుంది. మెస్‌లో లైన్‌లో నిలబడ్డప్పుడు చదువుకోండి.

ముందు అది ఏందో చెప్తా. రిమోట్‌తో నడిచే పెట్రోల్ బగ్గీ. అసలు బండిలో ఐదో వంతు సైజు. ఐదో వంతే కదా అని చిన్నగా ఊహించుకోవద్దు. పొడవు 80 సెంటీమీటర్ల పైన, వెడల్పు అర మీటరుకు కొంచెం తక్కువ, బరువు 10 కిలోలు. ఒక్కడు ఎత్తాలంటే బియ్యం మూట ఎత్తినట్టు నడుం వంచి ఎత్తాల్సిందే. ఈ సైజు పెట్రోల్ బగ్గీల్లో హెచ్‌పీఐ కంపెనీ బాజా 5బి బాగా పేరున్నది. మాది కూడా ఆ పద్ధతిదే: ఇంజన్ వెనక, తిరిగేవి వెనక చక్రాలు మాత్రమే, రివర్స్ లేదు. ఏ కంపెనీదో రాయను, దానితో మనకు పని లేదు.

డబ్బా మీద 'గ్యాస్ పవర్డ్' అని ఉంటే మా రూమ్‌మేట్ ఒకడు సిలిండర్ ఎక్కడ పెడతారని వెతికాడు. అమెరికా వాళ్ళు పెట్రోల్‌నే గ్యాస్ అంటారట. ఇంకో రకం కూడా ఉంది, నైట్రో అంటారు. అవి మిథనాల్, నైట్రోమీథేన్ కలిపిన స్పెషల్ ఇంధనంతో నడుస్తాయి. వాటికి స్పార్క్ ప్లగ్ ఉండదు, వేడెక్కే గ్లో ప్లగ్ ఉంటుంది. ఆ ఇంధనం మన దగ్గర బంకులో దొరికేది కాదు, ధర కూడా ఎక్కువ. ఇది అట్లా కాదు. మామూలు పెట్రోల్, అందులో 2టీ ఆయిల్, అంతే.

ఇక్కడే నాకు ధైర్యం వచ్చింది. మీలో చాలామందికి కూడా రావాలి, అందుకే ఇంత రాస్తున్నా.

ఆ ఇంజన్ 26 సీసీ, టూ స్ట్రోక్, తాడు లాగితే స్టార్ట్ అయ్యేది. ఈ బగ్గీలకు ఇంజన్లు చేసే వాళ్ళలో పేరున్నది జపాన్ జెనోవా. వాళ్ళు గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే రంపం మిషన్లు చేసేవాళ్ళే. అంటే పొలం పనికి పుట్టిన ఇంజన్‌ను తెచ్చి బొమ్మ బండిలో పెట్టారు, బొమ్మ కోసం పుట్టిన ఇంజన్ కాదు. మనం వీపున తగిలించుకొని మిరపకు, పత్తికి మందు కొట్టే తైవాన్ పంపు ఇంజన్ కూడా ఆ జాతిదే. ఇంటర్ సెలవుల్లో రెండేళ్ళు నేను మిరప తోటలకు మందు కొట్టే పనికి పోయిన. తెల్లారగట్ల చలిలో ఆ పంపు స్టార్ట్ కాకపోతే రైతు తిట్టే తిట్లు ఎట్లుంటాయో పోయినవాళ్ళకు తెలుసు. చోక్ ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి, తాడు ఎంతవరకు లాగాలి, ప్లగ్ తడిస్తే ఏం చేయాలి, ఇవన్నీ అక్కడ చేతికి వచ్చినవే. పుస్తకంలో చదివినవి కావు.

కానీ ఆ బండి డబ్బా వచ్చి రెండు నెలలు అయినా నేను దగ్గరికి పోలేదు. నిజం చెప్పాలంటే పోనివ్వలేదు. డిపార్ట్‌మెంట్‌లో ఒక క్లబ్ ఉంది. అందులో ఎక్కువ మంది సిటీ పిల్లలు. చెడ్డవాళ్ళని అనను. చిన్నప్పటి నుంచి రిమోట్ కార్లు చూసినవాళ్ళు, యూట్యూబ్‌లో పేర్లన్నీ నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే డిఫరెన్షియల్, డ్యాంపర్, సర్వో అని గడగడ వస్తాయి. మనం వెనక నిలబడి తల ఊపుతాం. ప్రాక్టికల్స్‌లో కూడా చూడండి, లేత్ దగ్గర ముందు ఎవరు నిలబడతారు, వెనక ఎవరు నిలబడి రికార్డు రాసుకుంటారు. ఒకరోజు నేను టైరు పట్టుకొని చూస్తుంటే "పాడవుతుంది, దూరంగా ఉండు" అన్నాడు ఒకాయన. ఆ మాట అన్నవాడికి అది గుర్తు కూడా ఉండి ఉండదు.

స్టార్ట్ చేసే రోజు గ్రౌండ్‌లో 30 మంది దాకా చేరారు. క్లబ్ వాళ్ళు చోక్ మూసి తాడు లాగుతున్నారు. లాగుతూనే ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు, చేతులు మార్చుకుంటూ. సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన నిలబడ్డ నా దాకా కొడుతోంది. చోక్ మూసి అన్నిసార్లు లాగితే లోపలికి గాలి తక్కువ, పెట్రోల్ ఎక్కువ పోతుంది. ప్లగ్ తడిసి నిప్పురవ్వ రాదు. పంపు దగ్గర దీన్ని 'ఓవర్ అయింది' అంటాం. నేను పోయి "అన్నా, ప్లగ్ విప్పుదాం, తడిసింది" అన్నా. ఎవరూ పలకలేదు. మళ్ళీ అన్నా. అప్పుడు సార్ "విప్పనీ చూద్దాం" అన్నారు.

విప్పితే ప్లగ్ మొన నుంచి చుక్క కారింది. గుడ్డతో తుడిచి పక్కన పెట్టి, ప్లగ్ వైరు దూరంగా జరిపి (లేకపోతే నిప్పురవ్వ ఆ ఆవిరికి అంటుకోవచ్చు, ఇది మర్చిపోవద్దు), బండిని తిరగేసి ప్లగ్ రంధ్రం కిందికి ఉండేట్టు పట్టుకొని నాలుగుసార్లు తాడు లాగినం. లోపలున్నదంతా బయటికి వచ్చింది. ఐదు నిమిషాలు ఆరనిచ్చి, ప్లగ్ బిగించి, ఈసారి చోక్ తెరిచే ఉంచి లాగినం. మూడోసారికి పట్టుకుంది. ఆ శబ్దం వినగానే నాకు మిరప తోటే గుర్తొచ్చింది, రేసు కారు కాదు. పక్కనున్న ఒకడు "నీకు ఆర్‌సీ కార్లు తెలుసా" అని అడిగాడు. తెలియదన్నా. తెలియదు కూడా.

ఇప్పుడు అసలు విషయం. కొత్త బండి చేతికొస్తే తాడు లాగడం మొదటి పని కాదు. ఆ రోజు తర్వాత సార్ మాన్యువల్ నా చేతికిచ్చి చదవమన్నారు. ఇంగ్లీషులో ఉంది, డిక్షనరీ పక్కన పెట్టుకొని వారం రోజులు చదివిన. అందులో ఉన్నదీ, మేం చేసి చూసిందీ కలిపి చెప్తా.

ఫ్యాక్టరీలో బిగించిన బండే కదా అని నమ్మొద్దు. టూ స్ట్రోక్ ఇంజన్ వణుకుడు మామూలుగా ఉండదు. ఇనుములోకి ఇనుము బిగించిన ప్రతి స్క్రూ ఆ వణుకుడుకు మెల్లగా వదులవుతుంది. అందుకే ఒక్కొక్కటి విప్పి, నూనె తుడిచి, నీలం రంగు థ్రెడ్ లాక్ చుక్క వేసి మళ్ళీ బిగించాలి. ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూలకు మాత్రం వేయొద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది. మాకు ఈ ఒక్క పనికే రెండు సాయంత్రాలు పట్టింది. ఇంజన్ మౌంట్ దగ్గర ఒక స్క్రూ చేతితోనే తిరిగింది, కొత్త బండిలో. గేర్ల మధ్య సందు కూడా చూడాలి. సన్న కాగితం ముక్క రెండు గేర్ల మధ్య పెట్టి తిప్పితే అది చిరగకుండా మడతలు పడి బయటికి రావాలి. మరీ దగ్గరైతే గేర్లు అరుగుతాయి, దూరమైతే పళ్ళు పోతాయి.

గాలి ఫిల్టర్ స్పాంజిలా ఉంటుంది. దానికి ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండి పెట్టాలి. పొడిగా పెడితే మన ఎర్రమట్టి దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. దుమ్ములో తిప్పే బండికి ప్రాణం అక్కడే ఉంది, నా లెక్కలో ఇంజన్ కంటే ముందు చూడాల్సింది అదే.

పెట్రోల్ సంగతి. 25 వంతుల పెట్రోల్‌కు 1 వంతు ఆయిల్. అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న కొలత గ్లాసు ఉంటే చాలు. ఎందుకు కలపాలంటే, బైకుకు ఉన్నట్టు ఈ ఇంజన్‌కు కింద వేరే ఆయిల్ ఉండదు. పెట్రోల్‌తో పాటు లోపలికి పోయే ఆ ఆయిలే పిస్టన్‌నూ బేరింగులనూ తడుపుతుంది. ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఇంజన్ అక్కడితో అయిపోయినట్టే. పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ రోజుల్లో బంకులో ఆయిల్ కలిపి పోయించుకునేది మీ నాన్నలను అడగండి, చెప్తారు. ఇంకోటి, ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కలిపిన పెట్రోల్‌ను నెలల తరబడి డబ్బాలో ఉంచితే పాడవుతుంది, కార్బురేటర్ లోపలి రబ్బరు పొర కూడా గట్టిపడుతుంది. ఎంత కావాలో అంతే కలుపుకోవాలి. తిప్పడం అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపనిస్తే కార్బురేటర్‌లో మిగిలింది కూడా కాలిపోతుంది.

ఆ రబ్బరు పొర గురించి ఒక్క మాట, నాకు భలే నచ్చింది. బైకు కార్బురేటర్‌లో పెట్రోల్ నిలబడే చిన్న గిన్నె, అందులో తేలే ఫ్లోట్ ఉంటాయి. పక్కకు పడేస్తే లెక్క తప్పుతుంది. రంపం మిషన్‌కు, ఈ బగ్గీకి గిన్నె ఉండదు, డయాఫ్రమ్ అనే పొర ఉంటుంది. అది పైకీ కిందకీ కదులుతూ కావలసినంత పెట్రోల్‌నే లోపలికి వదులుతుంది. చెట్టు కొమ్మ కోసేటప్పుడు రంపాన్ని ఎటు తిప్పినా ఆగకుండా నడిచేది అందుకే. గాలిలో ఎగిరి పడే బగ్గీకి అదే కార్బురేటర్ సరిపోయింది. థర్మల్ ఇంజనీరింగ్ క్లాసులో ఇది బొమ్మ వేసి చెప్తే నాకు ఎక్కలేదు. విప్పి చూస్తే ఐదు నిమిషాల్లో ఎక్కింది.

రేడియో సంగతి ఇంకా ముఖ్యం. రిమోట్ పిస్తోలులా ఉంటుంది. ట్రిగ్గర్ లాగితే వేగం, ముందుకు తోస్తే బ్రేకు, పక్కనున్న చక్రం తిప్పితే స్టీరింగ్. ముందు రిమోట్ ఆన్ చేయాలి, తర్వాత బండిలో రిసీవర్. ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత రిమోట్. వరస తప్పితే ఇంజన్ నడుస్తున్న బండికి చెప్పేవాడు లేకుండా పోతాడు. ఫెయిల్ సేఫ్ అని ఒకటి ఉంటుంది, సిగ్నల్ పోతే బండి దానంతట అది బ్రేకు వేసుకోవాలి. దాన్ని ఇంజన్ స్టార్ట్ చేయకముందే పరీక్షించాలి. బండిని ఇటుకల మీద ఎత్తి పెట్టి, ట్రిగ్గర్ కొంచెం లాగి, అట్లనే రిమోట్ ఆపేయాలి. కార్బురేటర్ మూసుకొని బ్రేకు పడితే సరే. పడకపోతే ఆ రోజు స్టార్ట్ చేయొద్దు. 10 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల పైన పోతుంది, మనిషి కాలికి తగిలితే ఎముక మిగలదు. గూడెంలో పిల్లలు బండి వెనక పరిగెత్తుతారు, అది నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నా.

అన్నీ సరిపోయాక చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసే పద్ధతి ఇది. కార్బురేటర్ దగ్గర చిన్న రబ్బరు బుడ్డి ఉంటుంది. పైపులో పెట్రోల్ వచ్చి, తిరిగి ట్యాంకులోకి పోయేది కనపడేదాకా దాన్ని నొక్కాలి. చోక్ మూయాలి. తాడును చివరిదాకా కాకుండా జానెడు, జానెడున్నర చురుగ్గా లాగాలి. 'టప్' అని ఒక్కసారి అన్నదంటే చాలు, వెంటనే చోక్ తెరిచి మళ్ళీ లాగాలి. ఆ 'టప్'ను చెవి పట్టుకోవాలి. క్లబ్ వాళ్ళకు ఆ రోజు అది వినపడనే లేదు, 30 మంది గోలలో.

స్టార్ట్ అయ్యాక చక్రాలు తిరగకూడదు. మధ్యలో సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంటుంది, ఎక్స్‌ఎల్ బండికి ఉన్నట్టే. వేగం పెరిగితేనే లోపలి షూలు విచ్చుకొని బెల్లును పట్టుకుంటాయి. ఐడ్లింగ్‌లోనే బండి పాకుతుంటే ఐడిల్ స్క్రూ తగ్గించాలి. హెచ్, ఎల్ అని రెండు సూదులు ఉంటాయి, వాటి జోలికి వెంటనే పోవద్దు. తిప్పాల్సి వస్తే ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టే. నాలుగైదు ట్యాంకులు అయ్యేదాకా ఒకే వేగంతో పూర్తిగా లాగి పట్టుకోవద్దు, పెంచుతూ తగ్గిస్తూ తిప్పాలి. కొత్త పిస్టన్ రింగు సిలిండర్‌కు అలవాటు పడేది ఆ సమయంలోనే. తర్వాత ప్లగ్ విప్పి చూస్తే లేత కాఫీ రంగు ఉండాలి. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువై ఇంజన్ వేడెక్కుతోందని, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైందని.

నడపడం నాకు ఇంజన్ కంటే కష్టమైంది. బండి మన నుంచి దూరంగా పోయేటప్పుడు కుడికి తిప్పితే కుడికే పోతుంది. అదే మన వైపు వస్తుంటే మన ఎడమ వైపుకు పోతుంది. సిటీ పిల్లలకు ఇది ఆలోచించకుండా వస్తుంది. నాకు చేయి ఒకటి చెప్తే కన్ను ఇంకోటి చెప్తుంది. మూడు ఆదివారాలు పట్టింది. క్లబ్‌లో ఒకడు, మొదట్లో నాతో మాట్లాడనివాడే, "బండిలో నువ్వు కూర్చున్నావనుకో" అన్నాడు. ఎడ్లబండి ముందు కూర్చున్నట్టు ఊహించుకున్నా. అప్పుడు కొంచెం కుదిరింది. ఇప్పుడు వాడికి నేను కార్బురేటర్ చెప్తా, వాడు నాకు స్టీరింగ్ చెప్తాడు.

మా అయ్యకు ఫోన్‌లో చెప్పిన. మేం ఇంట్లో కోయలోనే మాట్లాడుకుంటాం, ఈ బండి గురించి కోయలో చెప్పడం మాన్యువల్ చదివినంత కష్టం. అంతా విని "మనిషి ఎక్కడ కూర్చుంటాడు" అన్నాడు. కూర్చోడన్నా. "బరువు ఏం మోస్తది?" ఏం మోయదన్నా. "మరి దేనికి?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కానీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే. సస్పెన్షన్ ఎట్లా పనిచేస్తుందో, బరువు ఎటు పడితే బండి ఎటు జారుతుందో పెద్ద బండి చేయకముందే దీని మీద చూసుకోవచ్చని చెప్పిన. "తైవాన్ పంపు ఇంజనే అయ్యా" అంటే మాత్రం "ఓ, అదా" అన్నాడు. అది ఆయనకు అర్థమైంది.

పెద్ద బండి అంటే బాజా. ఇంజనీరింగ్ పిల్లలు టీముగా కలిసి ఒక మనిషి కూర్చొని నడిపే బగ్గీని సొంతంగా డిజైన్ చేసి, వెల్డింగ్ చేసి, పోటీలో నడుపుతారు. అమెరికాలో 1976లో మొదలైంది, మన దేశంలో 2007 నుంచి బాజా ఎస్‌ఏఈ ఇండియా పేరుతో జరుగుతోంది. మెక్సికోలో బాజా కాలిఫోర్నియా ఎడారిలో 1967 నుంచి జరిగే రేసు పేరు మీద వచ్చిన పేరు అది. మా కాలేజీ టీము వచ్చే ఏడాదికి తయారవుతోంది. ఇంజన్, ట్రాన్స్‌మిషన్ పనికి నా పేరు రాసుకున్నారు. కానీ టీములో ఉండాలంటే ఒక్కొక్కరు డబ్బు వేసుకోవాలి. ఇనుప పైపులు, టైర్లు, ప్రయాణం, అన్నీ పిల్లలే భరించాలి. నా వాటా మా ఇంట్లో రెండు నెలల ఖర్చు. సార్ అడిగితే తగ్గిస్తారేమో, నాకు అడగాలని లేదు. అడిగితే తప్పేముంది అని మన గ్రూపు అక్క ఒకరు అన్నారు, అది కూడా నిజమే. తునికాకు సీజన్‌లో ఇంటికి పోతే కొంత వస్తుంది, కానీ బండికి వెల్డింగ్ మొదలయ్యేది కూడా అప్పుడే. ఇంకా తేల్చుకోలేదు. మీలో ఎవరైనా ఇట్లాంటి టీముల్లో పనిచేసి ఉంటే, డబ్బు సంగతి ఎట్లా చూసుకున్నారో రాయండి. ఇది నిజంగానే అడుగుతున్నా.

ప్రస్తుతం మా బగ్గీ ముందు చక్రం ఆర్మ్ విరిగి మూలన ఉంది. చెట్టు మొదలుకు తగిలింది, నడిపింది నేను కాదు. పార్ట్ ఆర్డర్ పెట్టారు, వారంలో రావాలి. వచ్చాక ఆదివారం పొద్దున మళ్ళీ గ్రౌండ్‌కు తీస్తాం. మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా రావొచ్చు, సార్‌ను అడిగి ఉంచిన. చెప్పులతో రావొద్దు, బూట్లు వేసుకోండి. గోల చేయొద్దు, ఆ 'టప్' మీకు వినపడాలి. తాడు మొదట మీ చేతికే ఇస్తా.